తరగతి గదిలో తెర: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఇరవై రెండేళ్ల సర్వీసు. అందులో సగానికి పైగా సుద్దముక్క, తడిగుడ్డ తప్ప వేరే పరికరం ఎరగను. ఇప్పుడు గది గోడకు ఐఎఫ్‌పీ (వేలితో తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ ప్యానెల్) ఉంది, పిల్లల సంచుల్లో ట్యాబ్‌లు ఉన్నాయి, తల్లిదండ్రుల ఫోన్లలో తరగతికో వాట్సాప్ గ్రూపు ఉంది. తల్లిదండ్రుల సమావేశాల్లో, అరండల్‌పేట టీ కొట్టు దగ్గర, విజయవాడలో చుట్టాల పెళ్లిళ్లలో నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఇంత డబ్బు పోసి తెరలు పెడుతున్నారు. వాటివల్ల చదువు నిజంగా వస్తుందా?

తెర పెట్టినంత మాత్రాన రాదు. ఎలా వాడితే వస్తుందో, ఎలా వాడితే రాదో చెప్పడానికి రెండు అనుభవాలు ఉన్నాయి.

పెరూ దేశం పేద పిల్లలకు లక్షల సంఖ్యలో చిన్న ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 ప్రాథమిక పాఠశాలలను పదిహేను నెలలపాటు గమనించిన పరిశోధకులు 2012లో ఫలితాలు బయటపెట్టారు. పిల్లలు కంప్యూటర్ వాడటం పెరిగింది. గణితంలో, భాషలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. యంత్రం చేతికొచ్చింది కానీ, దానితో ఏ పాఠం ఎలా చెప్పాలో ఉపాధ్యాయులకు సరిగ్గా అందలేదు.

రెండోది మన దేశంలోనే, దిల్లీలో. మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో 6 నుంచి 9 తరగతుల పిల్లలకు బడి వదిలాక తరగతులు పెట్టారు. రోజుకు గంటన్నర. సగం సమయం కంప్యూటర్ ముందు, మిగతా సగం చిన్న గుంపులుగా ఒక బోధకుడి దగ్గర. నాలుగున్నర నెలలకే ఆ పిల్లలు, లాటరీలో చోటు దొరకని పిల్లల కంటే గణితంలోనూ హిందీలోనూ స్పష్టంగా ముందుకెళ్లారు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు చేసిన ఈ అధ్యయనం 2019లో అచ్చయింది.

దిల్లీలో ఏం కలిసొచ్చింది? ఎనిమిదో తరగతి పిల్లవాడికి భాగాహారం రాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఎనిమిదో తరగతి బీజగణితం మీద పెట్టలేదు. భాగాహారం దగ్గరే మొదలుపెట్టింది. నలభై ఐదుమంది ఉన్న గదిలో, సిలబస్ తరుముతుంటే, నేను చేయలేని పని అది. పక్కన ఒక మనిషి కూడా ఉన్నాడు. ఈ రెండూ కలిస్తే చదువు కదులుతుంది. ఒక్కటి లోపించినా నాకు నమ్మకం లేదు.

గదిలో ఐఎఫ్‌పీ ఉంది కదా, మంచి ఉపాధ్యాయుడు దాన్ని ఎలా వాడతాడు?

నా తప్పుతోనే మొదలుపెడతాను. మా బడికి ప్యానెల్ వచ్చిన కొత్తలో ఋతువుల మీద పన్నెండు నిమిషాల వీడియో వేశాను. రంగులు, సంగీతం, తిరిగే భూగోళం. పిల్లలు కన్నార్పకుండా చూశారు. పాఠం అరటిపండు ఒలిచి పెట్టినట్టుందని నాకు నేనే మురిసిపోయాను. మర్నాడు, రెంటచింతలలో మే నెలలో ఎండ ఎందుకు అంత మండుతుందని అడిగాను. గది మొత్తం ఒకే జవాబు: "అప్పుడు సూర్యుడు భూమికి దగ్గరగా వస్తాడు సార్."

వీడియో సరిగ్గా ఆ అపోహను పోగొట్టడానికే తయారైంది. చూడటానికి ముందు వాళ్ల మనసులో ఏ నమ్మకం ఉందో, చూశాక కూడా అదే ఉంది. బొమ్మలు కదిలాయి, ఆలోచన కదల్లేదు.

మరుసటి ఏడాది వరస మార్చాను. ముందు ప్రశ్న అడిగి, ప్రతి ఒక్కరి చేతా నోట్‌బుక్‌లో జవాబు రాయించాను. తర్వాత వీడియో వేసి మూడో నిమిషంలో ఆపాను. తెర మీద భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. "ఇది ఏ నెల అయి ఉంటుంది?" అన్నాను. మే అన్నారు, ఏప్రిల్ అన్నారు. మళ్లీ నడిపించాను. జనవరి మొదటి వారం! భోగి మంటలకు కట్టెలు పోగేసుకునే చలిరోజులు. గదిలో గోల లేచింది. "అయితే ఎండ ఎందుకు సార్?" అని వాళ్లే అడిగారు. ఆ ప్రశ్న వాళ్ల నోట వచ్చాకే భూమి అక్షం వంపు గురించి చెప్పాను.

అక్కడితో వదల్లేదు. గుంటూరులో ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలో, ఆగస్టు మొదటి వారంలో, మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు పక్కన నీడే ఉండదు. మేలో బడికి సెలవులు కాబట్టి ఆగస్టులో, మబ్బు పట్టని రోజు చూసుకుని, బడి ఆవరణలో కర్ర పాతాం. తెర మీద చూసిన వంపు వాళ్ల కాళ్ల దగ్గర నీడై కనిపించింది.

అందుకే కొత్తగా చేరే ఉపాధ్యాయులకు ఒకటే చెబుతాను: ఆ ప్యానెల్‌లో అన్నిటికంటే విలువైనది ఆపే బటన్. రెండు మూడు నిమిషాలకోసారి ఆపి, తర్వాత ఏం జరుగుతుందో పిల్లలను ఊహించమనాలి. పన్నెండు నిమిషాల వీడియోకు నలభై నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి.

అయితే నల్లబల్ల, సుద్దముక్క ఇక అక్కర్లేదా?

కావాలి. లెక్క ఎలా పుడుతుందో, ఒక్కో మెట్టు ఎందుకు వస్తుందో చూపడానికి బల్ల మీద చేత్తో మెల్లగా రాయడాన్ని మించినది నాకు ఇంతవరకు కనిపించలేదు. రాసే వేగమే పిల్లవాడు ఆలోచించే వేగం.

పాఠ్యపుస్తకంలో ఉన్న చదరపు గుర్తులు దేనికి?

అవి క్యూఆర్ కోడ్‌లు. 2017 సెప్టెంబరు 5న, గురుపూజోత్సవం నాడు, కేంద్రం దీక్ష అనే వేదికను ప్రారంభించింది. ఫోనులో దీక్ష యాప్ తెరిచి ఆ గుర్తును స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. డబ్బు కట్టనక్కర్లేదు. వైఫై దొరికినప్పుడు దించుకుంటే తర్వాత నెట్ లేకపోయినా చూడవచ్చు.

చాలా ఇళ్లలో ఈ గుర్తు సంగతే తెలియదు. నెలకు వేలు పోసి యాప్ చందా కట్టిన ఒక తండ్రి, తన కొడుకు పుస్తకంలోనే ఉచితంగా పాఠాలు ఉన్నాయని తెలిసి బాధపడ్డారు. చందా కట్టే ముందు ఒక వారం ఈ గుర్తులతో సాధన చేయించి చూడండి. అన్ని వీడియోలూ గొప్పగా ఉండవు, కొన్ని పాఠాన్ని చదివి వినిపించినట్టే ఉంటాయి. అయినా పదిలో నాలుగు బాగుంటే మనకు చాలు.

ఇంట్లో ఒకే ఫోను. ముగ్గురు పిల్లలు. ఎలా?

ఈ ప్రశ్న వినగానే నాకు 2020 గుర్తొస్తుంది. మార్చిలో బడులు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి. మేము ఫోనులో పాఠాలు పంపేవాళ్లం. మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఏ పాఠానికీ పగలు జవాబు పంపేది కాదు. రాత్రి పది దాటాక ఒకేసారి వచ్చేవి. వాళ్ల నాన్న మిర్చి యార్డులో పని చేస్తారు, తెల్లవారుజామున ఫోను తీసుకెళ్లి రాత్రికి తిరిగొస్తారు. ఆయన నిద్రపోయాకే ఆమె బడి మొదలయ్యేది. అది తెలియక ఆలస్యంగా పంపుతున్నందుకు నేను రెండుసార్లు మందలించాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

2024లో గ్రామీణ భారతంలో ప్రథమ్ సంస్థ జరిపిన అసర్ అనే విద్యా సర్వే ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. వాళ్లలో, సర్వేకు ముందు వారంలో చదువుకోసం వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. సొంత ఫోను మాత్రం అబ్బాయిలకే ఎక్కువ. ఒకే ఫోను ఉన్న ఇంట్లో అది ముందు ఎవరి చేతికి పోతుందో తల్లులకు బాగా తెలుసు.

ఒక్క ఫోనుతో నెట్టుకొచ్చే ఇళ్లకు నా సలహా: గోడ మీద కాగితం అంటించి వేళలు రాయండి, అమ్మాయి వేళ ముందు రాయండి. వీడియోలు రాత్రి దించి పెట్టండి. ముగ్గురూ కలిసి చూడగలిగిన పాఠాన్ని కలిసే చూడనివ్వండి. పెద్దది చిన్నవాడికి వివరిస్తే, చెప్పిన పాఠం ఆమె జన్మలో మరిచిపోదు. ఇంట్లో ఒక్క ఫోనూ లేకపోతే సిగ్గుపడకుండా క్లాస్ టీచర్‌కు చెప్పండి. మాకు తెలిస్తే కాగితం మీద ఇస్తాం.

ప్రభుత్వం ఇచ్చిన ట్యాబ్‌లో మా వాడు ఆటలు ఆడుతున్నాడు. ఏం చేయాలి?

రాష్ట్రంలో ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలైంది. పాఠాలను ముందే అందులో నింపి ఇచ్చారు. ఇతర యాప్‌లు పడకుండా తాళం కూడా వేశారు. తాళం ఉంటే తీసే పిల్లలు ఉంటారు, అది ఎప్పుడూ ఉన్నదే.

లాక్కుని బీరువాలో పెట్టకండి. పెడితే ఆటతోపాటు పాఠమూ పోతుంది. ట్యాబ్ వంటింట్లోనో వరండాలోనో, పెద్దవాళ్ల కంటి ముందు మాత్రమే వాడాలన్న నియమం పెట్టండి. రాత్రి పడుకునే గదిలోకి వెళ్లకూడదు. వారానికోసారి పక్కన కూర్చుని "ఇందులో నువ్వు నేర్చుకున్నది నాకు ఒకటి చూపించు" అనండి. మీకు చదువు రాకపోయినా పర్వాలేదు. చూపించాల్సి వస్తుందని తెలిస్తే చూస్తాడు.

రోజుకు ఎంతసేపు తెర చూడవచ్చు? కళ్లు పాడవుతాయా?

కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ (ఇప్పటి విద్యాశాఖ) 2020 జులైలో ప్రజ్ఞాత పేరుతో ఆన్‌లైన్ తరగతులకు మార్గదర్శకాలు ఇచ్చింది. 1 నుంచి 8 తరగతులకు రోజుకు 30–45 నిమిషాల తరగతులు రెండుకు మించకూడదు, 9 నుంచి 12 వరకు నాలుగుకు మించకూడదు. చిన్నపిల్లల వైద్యుల సంఘం సలహా ఇంకా స్పష్టం: రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దు, రెండు నుంచి ఐదేళ్ల వారికి పెద్దల తోడుతో గంటకు మించవద్దు, ఐదు నుంచి పదేళ్ల వారికి రెండు గంటల లోపే.

అన్నం తినడం లేదని ఏడాది బిడ్డ ముందు ఫోను పెట్టే అలవాటు మన ఇళ్లలో బాగా పెరిగింది. దయచేసి మానండి. చందమామను చూపించి తినిపించిన అమ్మమ్మలు మనకు ఉన్నారు.

కళ్ల విషయంలో: దగ్గరి వస్తువును గంటల తరబడి చూడటం, ఆరుబయట ఆట తగ్గడం, రెండూ హ్రస్వదృష్టికి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడానికి) దోహదం చేస్తాయి. పగటి వెలుతురులో రోజూ గడిపే సమయం పెరిగితే ఆ ముప్పు తగ్గుతుందని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలోని దేన్నయినా, ఇరవై సెకన్లు చూడమనండి. మా విజయవాడ చుట్టాల అపార్ట్‌మెంట్‌లో ఇరవై అడుగుల దూరం కావాలంటే బాల్కనీలోకి రావాలి. అదీ మంచిదే. బోర్డు మీది అక్షరాలు కనబడక పిల్లవాడు కళ్లు చికిలిస్తుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. వెనక బెంచీ పిల్లవాడు మొద్దు అనుకున్నవాళ్లలో కళ్లజోడు పెట్టగానే లెక్కలు వచ్చిన పిల్లలను నేను చూశాను.

పుస్తకం చదివినా పీడీఎఫ్ చదివినా ఒకటే కదా?

కథకు పెద్దగా తేడా లేదు. పాఠానికి ఉంది. 54 అధ్యయనాలను, లక్షా డెబ్భై వేలకు పైగా పాఠకులను కలిపి 2018లో చేసిన ఒక విశ్లేషణలో, సమాచారం ఉన్న పాఠాలను కాగితం మీద చదివినవాళ్లకే ఎక్కువ అర్థమైందని తేలింది. గడియారం తరుముతున్నప్పుడు తేడా మరింత ఎక్కువ. తెర మీద మనం వేగంగా జారిపోతాం, అర్థమైందని అనుకుంటాం.

కాబట్టి పరీక్షకు చదివేది కాగితం మీదే చదివించండి. ఏటా జనవరిలో విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవానికి పిల్లలను తీసుకెళ్లండి. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరు అది. ఆ తర్వాత 1935లో మన కృష్ణా కాలువ మీద, పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు తీసుకెళ్లి పల్లెలకు అందించారు. అప్పటికి పడవే అందుబాటులో ఉన్న సాంకేతికత. ఈ సంగతి మా పిల్లలకు చెప్పినప్పుడు ఒకడు "పడవలో ఏ పుస్తకాలు పెట్టాలో ఎవరు చెప్పేవాళ్లు సార్?" అని అడిగాడు. ట్యాబ్‌లు ఇచ్చేటప్పుడు అందరం అడగాల్సిన ప్రశ్న అది.

బడికి ఫోను పంపవచ్చా?

వద్దు. పిల్లలు బడికి ఫోన్లు తీసుకురావడాన్ని 2023 ఆగస్టులో రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ నిషేధించింది. తరగతిలో ఉపాధ్యాయుల ఫోన్ల మీద కూడా ఆంక్షలు పెట్టింది. యునెస్కో అదే ఏడాది ఇచ్చిన నివేదిక కూడా ఫోన్ల వల్ల ఏకాగ్రత చెదిరిపోతుందని హెచ్చరించింది. అత్యవసరమైతే బడి ఆఫీసుకు ఫోను చేయండి, పిల్లవాడిని పిలుస్తాం.

తెలుగులో మంచి డిజిటల్ పాఠాలు దొరుకుతాయా?

దొరుకుతాయి, కావాల్సినన్ని లేవు. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో ఎడమవైపు ఇంగ్లిషు, కుడివైపు తెలుగు ఎదురెదురుగా ఉంటున్నాయి. ఇది నిజంగా మేలు చేసిన మార్పు. ఇంగ్లిషులో అర్థం కాని వాక్యానికి పక్క పేజీలో తెలుగు ఉంటుంది. అదే పద్ధతి వీడియోల్లో ఇంకా రాలేదు.

ఉచితంగా దొరికేవాటిలో నేను రోజూ వాడేది ఫెట్. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ప్రయోగాల వేదిక. కొన్ని ప్రయోగాలు తెలుగులోనూ ఉన్నాయి. విద్యుత్ వలయం పాఠంలో పిల్లలు తెర మీద తీగలు కలుపుతారు, వోల్టేజీ పెంచుతారు, బల్బు మాడిస్తారు. మా ల్యాబ్‌లో బల్బు మాడితే కొత్తది కొనడానికి నిధులు అడగాలి, తెర మీద ఎన్ని మాడినా ఖర్చు లేదు. ముందు తెర మీద తప్పులు చేసి, తర్వాత నిజమైన బ్యాటరీ, నిజమైన తీగలతో చేస్తారు. ఈ రెండో అడుగు మాత్రం వదలకూడదు. వదులైన తీగ వల్ల బల్బు వెలగకపోవడం అనే పాఠం తెర నేర్పదు. జ్యామితికి జియోజీబ్రా, ఆకాశానికి స్టెల్లేరియం బాగుంటాయి.

తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. అందులో తమ ఊరి వ్యాసాన్ని చదివి తప్పులు వెతకమని పదో తరగతి పిల్లలకు పని ఇస్తాను. పిల్లలు తాతలను అడిగి, శాసనాలున్న గుళ్లకు వెళ్లి వస్తారు.

మా అమ్మాయి హోంవర్క్ అంతా ఏఐతో రాయిస్తోంది. పట్టుకోవడం ఎలా?

పట్టుకోవాలన్న ఆలోచనను కాస్త పక్కన పెట్టండి. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. మరుసటి విద్యాసంవత్సరానికే నా దగ్గరికి వచ్చిన వ్యాసాలు ఒకే గొంతుతో మాట్లాడటం మొదలైంది. ముగ్గురు వేర్వేరు పిల్లలు "నీటి సంరక్షణ" గురించి ఒకే రకంగా, తడబాటు లేకుండా రాశారు. తాడికొండ పక్క పల్లె నుంచి వచ్చే పిల్లవాడి వ్యాసంలో వాళ్ల ఊరి చెరువు ప్రస్తావనే లేదు. పట్టించింది అదే.

తప్పు సగం నాది. ఎవరైనా ఎక్కడి నుంచైనా రాయగలిగిన ప్రశ్న ఇచ్చాను. ఇప్పుడు ప్రశ్న మార్చాను: "మీ ఇంట్లో నిన్న ఎన్ని బిందెల నీళ్లు వాడారు? అమ్మను అడిగి, లీటర్లలోకి మార్చి, మీ వీధి మొత్తానికి లెక్క వేయండి." దీనికి ఏఐ సాయం తీసుకున్నా బిందెలు మాత్రం వాళ్లే లెక్కపెట్టాలి. రాసింది తెచ్చాక ఐదుగురిని లేపి రెండు ప్రశ్నలు అడుగుతాను. తనది కాని జవాబు నోటితో చెప్పలేరు.

మా తెలుగు మాస్టారు ఇంకో అడుగు ముందుకేశారు. ఏఐ చేత ఆటవెలది పద్యం రాయించుకుని రమ్మని, దానికి గణవిభజన చేయమన్నారు. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, సరి పాదాల్లో ఐదు సూర్యగణాలు ఉండాలి కదా. గురులఘువులు గుర్తిస్తూ పోతే వచ్చిన పద్యాల్లో గణాలు కుదరనే లేదు. పిల్లలకు ఎంత ఉత్సాహమో! యంత్రం తప్పు తాము పట్టుకున్నామని బడంతా చెప్పుకున్నారు. ఛందస్సు మీద పిల్లలు అంత ఇష్టపడి కూర్చోవడం నా సర్వీసులో చూడలేదు.

ఇంట్లో మీరు చేయగలిగింది: ముందు తను ప్రయత్నించి, తర్వాత ఏఐని "నేను రాసిన దానిలో తప్పేమిటి" అని అడగమనండి. ఈ వరస తిరగబడితే చేయి రాస్తుంది, తల పని చేయదు.

స్కూలు యాప్‌లో ప్రతి వారం ర్యాంకు వస్తుంది. అది మంచిదేనా?

మా చెల్లెలు విజయవాడలో ఉంటుంది. మేనల్లుడు అక్కడ ఒక ప్రైవేటు పాఠశాలలో చదువుతున్నాడు. ఆదివారం సాయంత్రం ఐదింటికి యాప్‌లో మార్కులు, సెక్షన్‌లో స్థానం, రాష్ట్రంలో స్థానం వస్తాయి. ఒకసారి ఆ వేళకు నేను వాళ్లింట్లో ఉన్నాను. ఫోను మోగగానే పిల్లవాడు ముద్ద దించకుండా వాళ్లమ్మ ముఖం వైపు చూశాడు. పదకొండేళ్లవాడు.

ఆ సమాచారం నాకు, ఉపాధ్యాయుడికి, పనికొస్తుంది. ఏ అధ్యాయంలో ఎక్కువమంది తప్పు చేశారో తెలిస్తే మళ్లీ చెబుతాను. తల్లిదండ్రులకు ర్యాంకు అంకె తప్ప ఏ లెక్క తప్పిందో, ఎందుకు తప్పిందో ఆ యాప్ చెప్పడం లేదు. నా మాట వింటే ఆ నోటిఫికేషన్ ఆపేయండి. నెలకోసారి బడికి వెళ్లి, సబ్జెక్టు టీచర్‌తో పిల్లవాడి ఎదుటే మాట్లాడండి.

మా పిల్లల వివరాలు, ఫొటోలు ఈ యాప్‌లలో భద్రమేనా?

అనుమానించడం సబబే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అనుమతి ఉండాలి. పిల్లల కదలికల మీద నిఘా పెట్టడం, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదు. కాబట్టి చదువు యాప్ మీ ఫోనులోని కాంటాక్టులు, లొకేషన్ అడిగితే ఇవ్వకండి. లెక్కల పాఠానికి మీ చిరునామాతో పనేమిటి?

ఆన్‌లైన్‌లో మోసం జరిగితే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోను చేయండి. పిల్లలను ఎవరైనా ఆన్‌లైన్‌లో వేధిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. అంతకంటే ముందు, తిడతారన్న భయంతో పిల్లలు దాచుకునే పరిస్థితి రానివ్వకండి. నాకు తెలిసిన ప్రతి సందర్భంలోనూ సంగతి పెద్దదయింది ఆ దాపరికం వల్లే.

ఉపాధ్యాయుల పని తగ్గిందా?

మార్కుల జాబితాలు కూడటం తగ్గింది. హాజరు, భోజనం, ఇలా యాప్‌లలో నింపాల్సినవి పెరిగాయి. సర్వర్ నెమ్మదించిన ఉదయం మొదటి పీరియడ్‌లో పావుగంట అక్కడే పోతుంది. ఆ పావుగంట పిల్లలది. మీరు పేరెంట్స్ కమిటీలో ఉంటే ఈ సంగతి ఎత్తండి. మేం చెబితే బద్ధకం అనుకుంటారు, మీరు చెబితే వింటారు.

చూపు, వినికిడి సమస్య ఉన్న పిల్లలకు ఉపయోగమా?

అందరికంటే వాళ్లకే ఎక్కువ. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అనే సదుపాయం తెర మీది తెలుగును చదివి వినిపిస్తుంది. కంప్యూటర్‌లో అదే పని చేసే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. వినికిడి లోపం ఉన్న పిల్లలకోసం పాఠ్యపుస్తకాలను భారతీయ సంజ్ఞాభాషలోకి తేవడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2020 అక్టోబరులో ఒప్పందం చేసుకుంది. మా బడిలో చూపు లేని ఒక అబ్బాయి, పక్క పిల్లవాడు చదివి పెట్టేదాకా ఎదురుచూసేవాడు. ఇప్పుడు తనే వింటాడు, నచ్చని చోట వేగం పెంచుతాడు. పీడీఎఫ్ కేవలం ఫొటోగా ఉంటే ఈ యాప్‌లు చదవలేవు. ఉపాధ్యాయులు నోట్సును ఫొటో తీసి పంపకుండా టైపు చేసి పంపాలి.

వరదలో పుస్తకాలు, సర్టిఫికెట్లు పోతే?

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఎన్నో ఇళ్లలో పుస్తకాల సంచులు, ట్రంకు పెట్టెల్లోని కాగితాలు తడిసి ముద్దయ్యాయి. పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ఉచితంగా దించుకోవచ్చు. పదో తరగతి మార్కుల పత్రం డిజిలాకర్‌లో (ధ్రువపత్రాలు దాచుకునే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో) దొరుకుతుంది. ఎండగా ఉన్న ఈ రోజే పిల్లల పేరిట డిజిలాకర్ ఖాతా తెరిచి పెట్టండి.

సెలవుల్లో ట్యాబ్‌తో పనికొచ్చే పని ఏదైనా చెప్పండి.

గుంటూరు పిల్లలకు నేనిచ్చేది: నెల రోజులపాటు రోజూ పేపర్లో వచ్చే మిర్చి యార్డు క్వింటా ధర రాసుకో, స్ప్రెడ్‌షీట్‌లో నింపి గ్రాఫు గీయి. ధర పడిన రోజు ఎందుకు పడిందో రైతునో కమీషన్ వ్యాపారినో అడుగు. విజయవాడ పిల్లలైతే ఉపగ్రహ చిత్రంలో ప్రకాశం బ్యారేజీ నుంచి రెండు వైపులా విడిపోయే కాలువలను గుర్తించి, తమ అన్నంలోని బియ్యం ఏ కాలువ నీటితో పండిందో కనుక్కోవచ్చు.

చివరిగా, ఒక విద్యార్థిని అడిగినది: "సార్, వీడియోలో చెప్పే ఆయనకు నా సందేహం ఎలా చెప్పాలి?"

ఆయనకు వినిపించదమ్మా. వీడియో ఆపు. ఎన్నో నిమిషంలో ఆపావో నోట్‌బుక్‌లో రాయి, దాని పక్కనే నీకు ఏం అర్థం కాలేదో నీ మాటల్లో రాయి. సోమవారం తీసుకురా. మధ్యాహ్న భోజనం అయ్యాక నేను ల్యాబ్‌లోనే ఉంటాను.